బడిలో విధ్వంసం, దొంగతనాలు జరగకుండా చూసుకోవడం: సమగ్ర మార్గదర్శి

కిటికీ అద్దాలు పగిలిన మర్నాడో, కంప్యూటర్లు పోయిన మర్నాడో చాలా బడుల్లో ముందుగా జరిగేది సీసీ కెమెరాలకు కొటేషన్లు తెప్పించడం. నిజానికి వరసలో అది చివర్న రావాల్సిన పని. ఏ చోట, ఏ వేళ, ఎందుకు జరుగుతోందో తేల్చుకోకుండా పెట్టిన ఖర్చు చాలావరకు దండగే. కెమెరా గేటు వైపు చూస్తూ ఉంటుంది, నష్టం వెనకాల మరుగుదొడ్ల దగ్గర జరుగుతూ ఉంటుంది. అందుకే ఇక్కడ వరస ఇలా ఉంది: ముందు లెక్క, తర్వాత మరమ్మతు, ఆవరణ, తలుపులు, మరుగుదొడ్లు, సామాను, ఆ తర్వాతే యంత్రాలు. పిల్లలతో, సిబ్బందితో చేయాల్సిన పని చివర్లో రాసినా, మొదలుపెట్టాల్సింది మాత్రం మొదటి రోజే.

మొదటి అడుగు: నష్టాల రిజిస్టరు

ఒక రిజిస్టరు తెరిచి ఈ గడులు గీయండి:

- ఎక్కడ (గది నంబరు, గోడ ఏ వైపుది)
- ఏమైంది, ఫోటో తీశారా
- చివరిసారి బాగుండగా చూసింది ఎవరు, ఎప్పుడు
- పాడైనట్టు చూసింది ఎవరు, ఎప్పుడు
- లోపలికి ఎలా వచ్చి ఉంటారు
- బాగు చేయించడానికి అయిన ఖర్చు, కూలీతో కలిపి
- బాగు చేసిన తేదీ

మూడో గడిని చాలామంది వదిలేస్తారు, అసలు పనికొచ్చేది అదే. "సోమవారం పొద్దున చూశాం" అని రాస్తే శుక్రవారం సాయంత్రం నుంచి మొత్తం అరవై గంటలు అనుమానంలో ఉంటాయి. "ఆదివారం సాయంత్రం 6 గంటలకు వాచ్‌మన్ చూసినప్పుడు బాగుంది" అని తెలిస్తే అది ఒక్క రాత్రికి కుదించుకుపోతుంది. బెంచీ మీద చెక్కిన పేరు, వంగిన గొళ్లెం, ఊడిన స్విచ్చు లాంటి చిన్నవీ రాయాలి. పెద్ద నష్టానికి ముందు అదే చోట ఇలాంటి చిన్నవి కనబడుతూ ఉంటాయి.

బడి ప్లాను ఒక పెద్ద కాగితం మీద గీయించి, పగలు జరిగినవాటికి ఎర్ర చుక్క, రాత్రీ సెలవుల్లో జరిగినవాటికి నీలం చుక్క పెట్టండి. ఒక టర్మ్ గడిచేసరికి చుక్కలు రెండు మూడు చోట్ల గుమిగూడటం కనబడుతుంది. ఎర్ర చుక్కలు మీ విద్యార్థుల కదలికల గురించి చెబుతాయి, నీలం చుక్కలు గోడలు, తలుపుల గురించి. రెంటికీ ఒకే మందు పనిచేయదు. విడివిడి సంఘటనల వెంట పరుగెత్తకుండా, అవి మళ్ళీ మళ్ళీ పుట్టడానికి మూలమైన సమస్యను పట్టుకోవాలని పోలీసు పని విషయంలో అమెరికన్ న్యాయశాస్త్ర ప్రొఫెసర్ హెర్మన్ గోల్డ్‌స్టీన్ 1979లో చెప్పాడు. బడికి ఆ మాట ఇంకా బాగా వర్తిస్తుంది, ఎందుకంటే ఇక్కడ చోటు, వేళలు, మనుషులు అన్నీ ముందే తెలిసినవి.

రెండో అడుగు: ఎందుకు చేస్తున్నారో విడదీయండి

సామాజిక శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ విధ్వంసాన్ని ఆరు రకాలుగా విడదీశాడు. బడి రిజిస్టరు చదవడానికి ఇంతకన్నా పనికొచ్చే పనిముట్టు దొరకడం కష్టం. ఏదో ఒకటి సంపాదించడానికి చేసేది (రాగి తీగ, ఇత్తడి కుళాయి పీకడం). ఒక ప్రయోజనం కోసం చేసేది (పరీక్ష తప్పించుకోవడానికి ఫ్యూజు తీసేయడం). ఒక భావన చాటడానికి చేసేది (గోడ మీద నినాదం). కక్షతో చేసేది (ఒక టీచరు గది, ఒక టీచరు బండి మాత్రమే పాడవడం). ఆటగా చేసేది (వీధి దీపానికి గురిచూసి రాళ్లు వేయడం, ఎవరు ఎక్కువ అద్దాలు పగలగొడతారని పందెం). ఊరికే కసితోనో విసుగుతోనో చేసేది.

ప్రతి వరసకీ పక్కన ఇందులో ఏదో ఒకటి రాయండి. కుళాయిలు పోతుంటే ఇత్తడివి తీసి ప్లాస్టిక్‌వి బిగిస్తే దొంగకు ఆశే ఉండదు. ఒకే టీచరు వస్తువులు పాడవుతుంటే ఎన్ని తాళాలు వేసినా లాభం లేదు, ఆ తరగతిలో ఏం జరుగుతోందో కూర్చుని వినాలి. ఆటగా పగిలే అద్దాలకు పరిష్కారం చాలాసార్లు ఆట స్థలం దిక్కు మార్చడంలోనే ఉంటుంది.

వీటిలో ఏదీ కానిది ఇంకొకటుంది, మామూలు అరుగుదల. నలభైమంది రోజూ ఒకేసారి తోసే తలుపుకు ఇంటి తలుపు బందులు బిగిస్తే అవి ఊడిపోతాయి, దాని నేరం పిల్లల మీద పడుతుంది. నిందించే ముందు, ఆ వస్తువు అంతమంది వాడకానికి తగినదేనా అని చూడండి.

మూడో అడుగు: రెండుసార్లు నడక

ఒకసారి పట్టపగలు, ఒకసారి చీకటి పడ్డాక, ఆవరణ మొత్తం చుట్టి రండి. వాచ్‌మన్‌నీ, శుభ్రం చేసేవాళ్లనీ, ఇద్దరు ముగ్గురు పెద్ద తరగతి విద్యార్థుల్నీ వెంట తీసుకెళ్లండి. కార్యాలయంలో కూర్చున్నవాళ్లకు తెలియని సందులు వీళ్లకు తెలుసు. ప్రతి చోటా ఆగి మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇక్కడ నిలబడినవాడు ఎవరికైనా కనబడతాడా? ఇక్కడ ఉండటానికి అతనికి పనేముందని ఎవరైనా అడుగుతారా? ఇక్కడి నుంచి పైకి ఎక్కడానికి ఏం సాయం దొరుకుతుంది? పరిసరాల రూపకల్పనతో నేరాన్ని తగ్గించాలన్న ఆలోచనకు 1971లో నేరశాస్త్రవేత్త రే జెఫ్రీ పేరు పెట్టాడు. తమదన్న భావన ఉన్న చోటును మనుషులే కాపాడుకుంటారని 1972లో ఆర్కిటెక్ట్ ఆస్కార్ న్యూమన్ వాదించాడు. ఆ మూడు ప్రశ్నల వెనక ఉన్నది ఈ ఆలోచనే.

నాలుగో అడుగు: వెంటనే బాగు చేయడం

పగిలిన అద్దం అలాగే ఉండిపోతే ఇక్కడ ఎవరికీ పట్టదన్న సంకేతం వెళ్తుందని అమెరికన్ పరిశోధకులు విల్సన్, కెల్లింగ్ 1982లో రాశారు. నగరాల పోలీసు విధానంగా ఆ సిద్ధాంతం మీద వాదాలు చాలా ఉన్నాయి. బడి గోడల వరకు దాన్ని నిస్సంకోచంగా పాటించవచ్చు. నష్టం చూసిన రోజే ఫోటో తీయాలి, 24 గంటల్లో, కుదరకపోతే 48 గంటల్లో దాని ఆనవాలు లేకుండా చేయాలి. బూతులు, ఒక విద్యార్థి పేరు, కుల మత దూషణ ఉంటే మొదటి గంట మోగకముందే కప్పేయాలి.

ఇది జరగాలంటే సామాను ముందే ఉండాలి: ప్రతి గోడ రంగు షేడ్ నంబరుతో సహా ఒక డబ్బా, రోలరు, ఎక్కువగా వాడే కొలతల్లో నాలుగైదు అద్దాలు, గొళ్లేలు, కుళాయిలు, స్విచ్చులు. షేడ్ నంబరు రాసి పెట్టుకోకపోతే అతుకు వేరే రంగులో కనబడుతుంది, ఆ అతుకే తర్వాతి రాతకు పలక అవుతుంది. మచ్చ వరకు కాకుండా మూల నుంచి మూల దాకా, లేదా పిల్లర్ నుంచి పిల్లర్ దాకా వేయండి.

పదేపదే రాతలు పడే గోడకు పూత వేయించవచ్చు. మైనం రకం పూత వేడినీటితో రాతతో పాటే ఊడివస్తుంది, కడిగిన ప్రతిసారీ మళ్ళీ వేయాలి. రెండు భాగాలు కలిపి వేసే పాలీయురేథేన్ పూత శాశ్వతంగా ఉంటుంది, రాతను ద్రావకంతో తుడిచేయవచ్చు. ఏదైనా ముందు ఒక మూల చిన్న ముక్క మీద వేసి చూడండి. ఇటుక గోడ తడిగా ఉండగా వేస్తే పూత లోపల చెమ్మ చిక్కి పొరలుగా లేస్తుంది. ఒట్టి ఇటుక మీద ఎక్కువ ఒత్తిడితో నీళ్లు కొడితే పై పొర పోయి, రంగు ఇంకా లోపలికి దిగుతుంది. ద్రావకం వాడేటప్పుడు చేతి తొడుగులు, గాలి ఆడే ఏర్పాటు తప్పనిసరి, ఆ పని పిల్లల చేత చేయించకూడదు.

అద్దాల విషయంలో పగిలే చోటును బట్టి ఎంచుకోండి. 6.4 మి.మీ. లామినేటెడ్ అద్దం (రెండు 3 మి.మీ. పలకల మధ్య 0.38 మి.మీ. పొర) పగిలినా ఊడిపడదు, చేయి దూర్చడానికి సందు ఇవ్వదు. పాలీకార్బనేట్ (అద్దంలా కనబడే గట్టి ప్లాస్టిక్) దెబ్బకు తట్టుకుంటుంది గానీ గీతలు పడుతుంది, లైటరుతో కాలిస్తే మచ్చ పడుతుంది, తగని ద్రావకంతో తుడిస్తే మసకబారుతుంది. పెద్ద పలక ఒకటి కాకుండా చిన్న పలకలు నాలుగు పెట్టించుకుంటే పగిలినప్పుడు ఒకటే మార్చుకోవచ్చు.

ఆవరణ

పొదలు 90 సెంటీమీటర్లు దాటకుండా, చెట్ల కొమ్మలు 2 మీటర్ల కిందికి రాకుండా కత్తిరిస్తే, మధ్యలో చూపు ఆనే ఖాళీ మిగులుతుంది. కిటికీల కింద ముళ్ల పొదలు పెంచండి. ఖాళీ గోడ మీద తీగ పాకిస్తే రాయడానికి చోటుండదు, కానీ ఎక్కడానికి ఊతమిచ్చే గట్టి తీగ వద్దు.

కప్పు ఎక్కేవాళ్లకు సాయం చేసేది చాలాసార్లు బడే. గోడకు ఆనించిన బెంచీ, చెత్త డబ్బా, ఏసీ స్టాండు, వాననీటి గొట్టం అన్నీ మెట్లే. కదిలేవాటిని గోడ నుంచి 3 మీటర్ల దూరం జరిపి నేలకు బిగించండి, గొట్టాన్ని గోడలో కలిపేయండి లేదా ఏటవాలు రేకుతో కప్పండి. భవనం చుట్టూ కంకర, విరిగిన టైల్సు, కట్టుబడి మిగులు ఇటుకలు ఉంచకండి. గురిచూసే చేతికి అవి తయారుగా దొరికిన రాళ్లు.

చెత్త డబ్బాలు మరో కారణానికి ముఖ్యం. బడుల్లో కావాలని పెట్టే నిప్పు తరచుగా డబ్బాలోనో, గోడ పక్కన వేసిన పాత కాగితాల్లోనో మొదలవుతుంది. మూతకు తాళం ఉన్న డబ్బాలు భవనానికి కనీసం 8 మీటర్ల దూరంలో, గొలుసుతో స్తంభానికి కట్టి ఉంచండి. వారాంతానికి ముందు ఖాళీ చేయించండి.

ప్రహరీ గోడ ఎత్తు పెంచేముందు ఆలోచించండి. లోపలికి చూపు ఆనని గోడ, దూకినవాడికే రక్షణ. ఊచల కంచె అయితే వీధిలో పోయేవాళ్లంతా కాపలాదార్లే.

తలుపులు, తాళాలు, తాళం చెవులు

తలుపు బద్దలైనప్పుడు తాళం విరగడం అరుదు, చుట్టూ ఉన్నదే విరుగుతుంది. వరసగా చూడండి:

1. బయటి తలుపు గుల్లది కాకుండా గట్టి చెక్కది లేదా లోహానిది కావాలి, మందం కనీసం 44 మి.మీ. ఉండాలి.
2. తాళం నాలుక ద్వారబంధంలోకి కనీసం 25 మి.మీ. దిగాలి. నాలుక దూరే పట్టీని చిన్న స్క్రూలతో బిగిస్తే ఒక్క తన్నుకు ఊడుతుంది, 75 మి.మీ. స్క్రూలు వేయించండి.
3. బయటికి తెరుచుకునే తలుపు బందుల చీలలు బయటివైపే ఉంటాయి. చీల కొట్టేసి రెక్క తీసేయకుండా, బందుల పక్కన చట్రంలోకి దిగే గూటాలు పెట్టించండి.
4. గడియ పెట్టి కప్ప తాళం వేసే చోట స్క్రూ తలలు బయటికి కనబడుతుంటే, తాళం ఎంత ఖరీదుదైనా స్క్రూడ్రైవరు ఉన్నవాడికి లెక్కలేదు. తలుపు మూసినప్పుడు పట్టీ కిందకు స్క్రూలు దాగాలి, లేదా గుండ్రటి తల బోల్టులు ఆరపార వేసి లోపల నట్లు బిగించాలి.

ఎట్టి పరిస్థితుల్లోనూ మరవకూడనిది: పిల్లలు లోపల ఉన్నంతసేపూ బయటపడే ప్రతి తలుపూ తాళం చెవి అవసరం లేకుండా, ఒక్క కదలికతో లోపలి నుంచి తెరుచుకోవాలి. దొంగల భయంతో అత్యవసర ద్వారానికి గొలుసు చుట్టడం, కిటికీలన్నిటికీ తెరుచుకోని గ్రిల్ బిగించడం నిప్పు అంటుకున్న రోజున ప్రాణాలు తీస్తుంది. బయట నుంచి పిడి లేని, లోపల అడ్డకమ్మీ నొక్కితే తెరుచుకునే తలుపు రెండు అవసరాలూ తీరుస్తుంది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. తాళం చెవుల లెక్క లేని బడికి ఆ మాట అక్షరాలా సరిపోతుంది. ప్రతి చెవికీ నంబరు బిళ్ల ఉండాలి, దాని మీద గది పేరు ఉండకూడదు. ఏ నంబరు ఏ గదో రాసిన పట్టిక వేరే బీరువాలో ఉంచండి. తీసుకున్నవాళ్ల సంతకం, తిరిగి ఇచ్చిన వేళ రోజూ రాయాలి. ఉద్యోగం మానేసినవాళ్ల దగ్గర చెవి తిరిగి రాకపోయినా, మాస్టర్ చెవి (అన్ని గదులూ తెరిచేది) ఒకటి కనబడకపోయినా ఆ వారమే తాళాల సిలిండర్లు (చెవి దూరే భాగాలు) మార్చండి. ఖర్చు భయపడి వాయిదా వేస్తే, తలుపు పగలకుండానే సామాను పోతుంది, అప్పుడు అనుమానం అందరి మీదా పడుతుంది.

మరుగుదొడ్లు

ఎర్ర చుక్కలు ఎక్కువగా పడేది ఇక్కడే, పిల్లలు భయపడేదీ ఇక్కడే. పెద్దల కన్ను పడని ఒకే ఒక చోటు కావడమే కారణం. కెమెరా పెట్టకూడని చోటు కూడా ఇదే, కాబట్టి పని అంతా కట్టుబడితో, మనుషులతో చేయాలి.

బయటి తలుపు తీసేసి, దాని బదులు అడ్డగోడతో మలుపు ఇవ్వండి. లోపలిది కంటికి కనబడదు, చప్పుడు మాత్రం వరండాలోకి వినిపిస్తుంది. చేతులు కడుక్కునే తొట్లను మలుపుకు బయట, వరండా వైపు పెడితే సగం గుంపు బయటే ఉంటుంది. నీళ్ల ట్యాంకు, గొట్టాలు గోడ వెనక్కి పోవాలి. బయటికి కనబడే గొట్టం కాలు పెట్టి ఎక్కడానికి మెట్టవుతుంది, మెట్టైనది వంగుతుంది. నొక్కితే కొన్ని సెకన్లు పారి ఆగిపోయే కుళాయిలు వేస్తే వరదలు ఆగుతాయి. నీటి వాల్వు బయట తాళం వేసిన పెట్టెలో ఉంటే, లోపల గొట్టం విరిగినా నిమిషంలో ఆపవచ్చు. అద్దం బదులు మెరుగు పెట్టిన స్టీలు రేకు, మామూలు స్క్రూల బదులు మధ్యలో ముల్లు ఉన్న ప్రత్యేక స్క్రూలు వాడండి. ఆ స్క్రూలు తిప్పే పనిముట్టు ఆఫీసులో ఉండాలి, లేకపోతే మరమ్మతు ఆగిపోతుంది.

ప్రతి పీరియడ్ మారేటప్పుడు ఒక పెద్ద మనిషి లోపలికి వెళ్లి చూసి, గోడ మీద ఉన్న కాగితంలో వేళ రాసి సంతకం పెట్టాలి. రెండు నిమిషాల పని. దీంతో "ఈరోజు ఎప్పుడో" అన్నది "నాలుగో పీరియడ్‌లో" అవుతుంది, ఆ పీరియడ్‌లో బయటికి వెళ్లినవాళ్ల పేర్లు తరగతుల్లో ఉంటాయి.

పాడు చేశారని మరుగుదొడ్డికి తాళం వేయడం మాత్రం ఘోరమైన తప్పు. చేసినవాడొక్కడు, శిక్ష వందమందికి. నీళ్లు తాగడం మానేసి రోజంతా ఉగ్గబట్టుకునే పిల్లలు ఆ బడిని తమదనుకోరు. విరిగిన గడియను ఆరోజే బిగించి, నీళ్లూ సబ్బూ ఉండేలా చూస్తే నష్టం తగ్గడం రిజిస్టరులోనే కనబడుతుంది.

విలువైన సామాను

ప్రతి కంప్యూటరు, ప్రొజెక్టరు సీరియల్ నంబరు, ఫోటో స్టాకు రిజిస్టరులో ఉండాలి, దాని నకలు బడి బయట ఉండాలి. వస్తువు పైకి కనబడేలా బడి పేరు చెక్కించండి. స్టిక్కరు ఊడుతుంది, చెక్కినది అమ్మకాన్ని కష్టం చేస్తుంది. ఇవి ఉండే గది పై అంతస్తులో, వీధి వైపు కిటికీ లేకుండా ఉంటే మేలు. ల్యాబ్‌లో విషపదార్థాలకు, ఆమ్లాలకు విడి తాళం, వాడిన ప్రతిసారీ గ్రాముల లెక్క. డబ్బు రాత్రి బడిలో ఉంచకండి, ఉంచడం లేదని బోర్డు పెట్టండి. బ్యాంకుకు వెళ్లే రోజు, వేళ, దారి మారుస్తూ ఉండండి.

దీపాలు, అలారం, కెమెరా

వెలుతురు చూసేవాళ్లు ఉన్న వైపే పనిచేస్తుంది. వీధికి, ఇళ్లకు కనబడే ముఖాన్ని రాత్రంతా వెలిగించండి. ఎవరికీ కనబడని వెనక పెరట్లో దీపం, వచ్చినవాడికి పని సులువు చేస్తుంది. అక్కడ కదలికకు వెలిగే దీపం పెట్టండి.

అలారం సెన్సర్లు ప్రతి కిటికీకి అక్కర్లేదు, లోపలికి వచ్చినవాడు తప్పక దాటే వరండా మలుపుల్లో చాలు. కదలికను పట్టే సెన్సరు ఎదురుగా వచ్చేవాడికన్నా అడ్డంగా దాటేవాడిని బాగా పడుతుంది, అలా బిగించండి. దాని ఎదుట ఎండ పడే కిటికీ, గాలికి ఊగే చార్టులు ఉంటే, ముందు పురుగులు గూడు కడితే దొంగ లేకుండానే మోగుతుంది. నాలుగుసార్లు ఉత్తినే మోగాక ఐదోసారి ఎవరూ రారు.

కెమెరాకు ముందు ఒక లెక్క నేర్చుకోండి. నిఘా కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62676-4 యొక్క 2014 కూర్పు ప్రకారం, తెలియని మనిషి ముఖం నిర్ధారణగా గుర్తుపట్టాలంటే దృశ్యంలో ఒక్కో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు పడాలి. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125, మనిషి ఏం చేస్తున్నాడో చూడటానికి 62.5, ఎవరో ఉన్నారని తెలియడానికి 25 చాలు. 1920 పిక్సెళ్ల వెడల్పున్న మామూలు కెమెరా 250 లెక్కన 7.7 మీటర్ల వెడల్పు మాత్రమే చూడాలి. ముప్ఫై మీటర్ల ఆట స్థలం మొత్తం ఒక్క కెమెరాలో పెడితే మనుషులు తిరిగినట్టు కనబడుతుంది, ఎవరో తెలియదు. కాబట్టి కెమెరాలను ఇరుకు దారుల్లో, గేటు, మెట్ల మొదట్లో, 2.5 నుంచి 3 మీటర్ల ఎత్తున పెట్టండి. ఇంకా పైకి పెడితే నడినెత్తులే రికార్డవుతాయి. పైకవచం ఐకే10 రకం (ఐకే అంటే దెబ్బకు ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత) తీసుకోండి, అది 20 జౌళ్ల దెబ్బ, అంటే 5 కిలోల బరువు 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడినంత, తట్టుకుంటుంది.

నిల్వ లెక్క: సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఒక కెమెరాకు రోజుకు 21.6 గిగాబైట్లు, ఎనిమిదింటికి 30 రోజులకు సుమారు 5.2 టెరాబైట్లు. రికార్డరు తాళం వేసిన గదిలో ఉండాలి, కెమెరా పక్కనే పెడితే దాన్నీ పట్టుకుపోతారు. నెలకోసారి గడియారం సరిచూడండి, అద్దం తుడవండి, నిన్నటి రాత్రి దృశ్యం ఒకటి తెరిచి చూడండి. రాత్రి చిత్రం తెల్లగా పేలిపోతుంటే దగ్గరి గోడ మీదనో, అద్దం మీది దుమ్ము మీదనో కెమెరా నుంచి వచ్చే, కంటికి కనబడని పరారుణ కాంతి పడి వెనక్కి వస్తోందన్నమాట. మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదుల వైపు ఏ కెమెరా తిరగకూడదు. మిగతా చోట్ల ఉన్నట్టు బోర్డు పెట్టండి, ఎవరు చూడవచ్చో రాతపూర్వకంగా ఉంచండి.

పిల్లలు, పెద్దలు

తరగతి గదుల ప్లాను పిల్లలకిచ్చి, భయంగా అనిపించే చోట్లు పేరు రాయకుండా గుర్తు పెట్టమనండి. వాళ్ల గుర్తులూ మీ చుక్కలూ చాలావరకు ఒకే చోట కలుస్తాయి. ఇంటర్వెల్‌లో, బడి వదిలాక మొదటి పావుగంటలో టీచర్లు నిలబడాల్సింది ఆ చోట్లలోనే, పేరుతో సహా డ్యూటీ పట్టిక వేయండి.

నార్వేలో 1983లో మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ పిల్లల మధ్య వేధింపులను ఆపే కార్యక్రమం మొదలుపెట్టాడు. బెర్గెన్ నగర బడుల్లో వేధింపులతో పాటు వస్తువుల ధ్వంసం, దొంగతనం, బడి ఎగ్గొట్టడం కూడా తగ్గినట్టు ఆయన పరిశీలనలో తేలింది. వేధింపును చిన్న విషయమని వదిలేసే బడి తన గోడల మీద మూల్యం చెల్లిస్తుంది.

శిక్ష విషయంలో, ఏ తప్పుకైనా వెంటనే బయటికి పంపే కఠిన విధానం బడులను భద్రం చేసినట్టు ఆధారాలు లేవని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ కార్యదళం 2008లో తేల్చింది. చేసినవాళ్లు తేలినప్పుడు, బాగు చేసే పనిలో ప్రమాదం లేని భాగం వాళ్ల చేత, తల్లిదండ్రులకు తెలిసి, ఇతరుల ముందు అవమానం కాకుండా చేయించండి. ఎవరో తెలియకపోతే తరగతి మొత్తానికి జరిమానా వేయకండి. అప్పుడు చెప్పాలనుకున్నవాడు కూడా నోరు మూసుకుంటాడు.

పెద్దల వల్ల జరిగే నేరం మరో సంగతి. బడి వేళల్లో తెరిచి ఉండేది ఒకే గేటు. వచ్చినవాళ్ల పేరు, పని, వేళ రాసి బ్యాడ్జి ఇచ్చి, కలవాల్సినవాళ్లే వచ్చి తీసుకెళ్లాలి. పిల్లల్ని తీసుకెళ్లడానికి అనుమతి ఉన్నవాళ్ల పేర్లు, ఫోటోలు ముందే తీసుకోండి. సిబ్బందిని చేర్చుకునే ముందు పాత యాజమాన్యాన్ని నేరుగా అడగండి. ప్రతి గది తలుపుకూ చూపు ఆనే అద్దం ఉండాలి. ఏ పిల్లయినా తనకు జరిగిన హాని చెప్పినప్పుడు శాంతంగా విని, ఆ పిల్ల మాటల్లోనే రాసి, వెంటనే చట్టప్రకారం అధికారులకు చెప్పండి. గుచ్చిగుచ్చి అడగడం, ఆరోపణ ఉన్నవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టడం, బడి పరువని దాచడం మూడూ చేయకూడనివి.

దొంగలు పడ్డట్టు కనబడితే

లోపలికి వెళ్లకండి, వాళ్లు ఇంకా ఉండవచ్చు. పోలీసులకు ఫోన్ చేసి, పిల్లలను వేరే దారిన మళ్లించండి. పోలీసులు చూసేవరకు తుడవకండి, తాకకండి. పోయినవాటి సీరియల్ నంబర్ల జాబితా ఇవ్వండి. రికార్డరు పాతదాని మీద కొత్తది రాసుకునేలోపు ఆ రాత్రి దృశ్యాలు రెండు నకళ్లు తీయండి. వచ్చిన దారిని ఆ రోజు రాత్రికే మూసేయాలి, ఎందుకంటే దారి, సామాను తెలిసినవాళ్లు మళ్ళీ రావడం మామూలు. పోయిన కంప్యూటర్ల స్థానంలో కొత్తవి వచ్చిన వారాల్లో కాపలా రెట్టింపు చేయండి, ఖాళీ పెట్టెలు వీధి చెత్తలో వేయకండి.

మూడు నెలలకోసారి

ప్లాను మళ్ళీ పరవండి. చుక్కలు తగ్గాయా, లేక పక్క సందులోకి జరిగాయా చూడండి. జరిగితే అక్కడికీ అదే మూడు ప్రశ్నలు. రెండు టర్మ్‌లు గడిచినా ఒక చోట తగ్గలేదంటే కారణం తప్పుగా రాసుకున్నారన్నమాట, ఆరు రకాల్లో వేరేదేదో పెట్టి కొత్తగా మొదలుపెట్టండి. పెద్ద సెలవులకు ముందు వారం ఈ సమావేశం ఒకటి తప్పకుండా పెట్టుకోండి: ఎవరు ఏ రోజుల్లో ఆవరణ చుట్టి వస్తారో పేర్లతో రాయండి, పక్క ఇళ్లవాళ్లకు ఫోన్ చేయాల్సిన నంబరు ఇవ్వండి, గేటు మీద కూడా రాయించండి. వీలైతే సాయంత్రాలు ఆటలకు, క్లాసులకు ఆవరణ ఇవ్వండి, తాళం వేసి వెళ్లే బాధ్యత ఒక్కరి పేరున ఉంచి.